ఏడిళ్ళ మిఠాయి

యాంగాన్, పబేడాన్
2025 అక్టోబరు 9

చిరంజీవి తమ్ముడు గోపీకృష్ణకి అప్ప మణిమాల దీవించి రాసేది.

ఇక్కడ నేనూ జయా బాగున్నాం. పినాంగులో నువ్వు ఆ బటర్‌వర్త్ పడవల షెడ్డులో వెల్డింగ్ మంట ముందు కూర్చుని వేళకి తింటున్నావో లేదో నాకు తెలీదు. అడిగితే తిన్నానంటావు. అమ్మకీ అలాగే చెప్పేవాడివి.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరాలేంటని శంకర్ మళ్ళీ నవ్వాడు. బట్టల బేరానికి వాడో, వాడి మనుషులో వారం వారం మీ వైపు వస్తూనే ఉంటారు, ఒక్క కవరు బరువా? మనకున్నది ఒక్క గది. ఫోనులో నేనేం మాట్లాడినా తొమ్మిదేళ్ళ నీ కూతురు పుస్తకం ముందు పెట్టుకుని చెవులు ఇటు పెడుతుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు కాబట్టి, దాని చెవిన పడకూడనివన్నీ కాగితం మీదే రాస్తాను.

మొన్న సోమవారం తడింజుట్ పండగ అయింది. పక్కింటి బర్మా పిల్లలతో కలిసి జయ కూడా కొవ్వొత్తులు, పళ్ళు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళకి దండం పెట్టి వచ్చింది. వాళ్ళు దీవించి చేతిలో ఏదో ఒకటి పెట్టారు. అది నాకు అర్థమయ్యే పండగ.

ఇప్పుడు ఇంకోటి వచ్చిపడింది, హాలోవీన్ అట. మూడో అంతస్తులో ఇంగ్లీషు ట్యూషను చెప్పే అరుణశ్రీ తెలుసు కదా, బట్టల కొట్టు వాళ్ళమ్మాయి. ఈ నెల ముప్పై ఒకటిన సాయంత్రం పదకొండు మంది పిల్లలకి దెయ్యాల వేషాలు వేసి మన సందులో ఏడిళ్ళకి తిప్పుతుందట. తలుపు కొట్టి, మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా అని అడగాలట. ఇది అడుక్కోవడమా, బెదిరించడమా అంటే, ఆట ఆంటీ అంది.

ఆట సంగతి సరే. రాత్రి పడుకోబోతూ జయ నన్ను ఒక మాట అడిగింది. "అత్తా, దెయ్యాలంటే సచ్చిపోయినోలే కదా. ఆ రోజు అమ్మ కూడా వస్తాదేటి?" ఆక్సిజన్ దొరకని ఆ వానాకాలంలో రామలక్ష్మి పోయి నాలుగేళ్ళు దాటింది. పిల్ల ఆ పేరు ఎత్తడం మానేసింది, మరిచిపోయిందనుకున్నాను. దుప్పటి కప్పి పడుకోమన్నాను.

పంపనా, వద్దా? ఒక్క మాట రాయి.

నీ మేలు కోరే
అప్ప


బటర్‌వర్త్
2025 అక్టోబరు 15

అప్పకి గోపి నమస్కారాలు.

నీ ఉత్తరం షెడ్డు వెనక కూర్చుని చదివాను. జయ అడిగినది చదివాక ఆ పూట సరిగా పని చేయలేకపోయాను, మేస్త్రీ తిట్టాడు.

హాలోవీన్ సంగతి నాకు తెలుసు, ఇక్కడ కొట్లలో బొమ్మలు పెడతారు. మా గదిలో ఉండే కుర్రాడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఏ దేశమో తెలీదు. చాక్లెట్టు విరిస్తే లోపల బ్లేడు ముక్క ఉంది. ఇంకో దాంట్లో జెల్లీ మిఠాయి తిన్న పిల్ల కళ్ళు తేలేసింది. ఆ కుర్రాడు అన్నీ గోరంతలు కొండంతలు చేసే రకమే, అయినా నా మనసు ఊరుకోలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయే వాళ్ళకి కూడా అదే మంచి అదనట, అందరూ వేషాల్లో ఉంటారు కాబట్టి.

వద్దంటే ఏడుస్తుంది. తల్లి లేని పిల్ల, తండ్రి దగ్గర లేడు, ఆటా లేదంటే ఎలా? పంపించు. కానీ పరాయి చేతి మిఠాయి ఒక్కటి కూడా నోట్లో పెట్టనివ్వకు. ముఖం నిండా ముసుగు వేయించు, ఎవరి పిల్లో ఎవరికీ తెలియకూడదు. నువ్వు వెంటే ఉండు.

ఇంకో సంగతి. మోల్‌మైన్ నుంచి జయ పిన్ని సత్యశ్రీ మళ్ళీ ఫోను చేసింది. పిల్లని తన దగ్గర ఉంచమంటోంది. తోట ఉన్న ఇల్లు, ఈడు పిల్లలు ఇద్దరు. నీకు మోకాళ్ళ నొప్పులు, పూజ సామాను కొట్టు, దానికి తోడు ఈ చాకిరీ. ఆమెకి నేనింకా ఏం చెప్పలేదు.

గోపి

ఇదంతా రాశాక మళ్ళీ ఆలోచించాను. పంపొద్దేమో. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?


యాంగాన్
2025 అక్టోబరు 23

తమ్ముడికి అప్ప రాసేది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పై సగం పంపమంటుంది, కింద వద్దంటుంది. ఏ సగానికి తండ్రివో తేల్చుకోలేక కాగితం మడిచి డబ్బాలో పెట్టాను. దీపావళికి దీపాలు పెట్టాం, కరెంటు ఎలాగూ లేదు కాబట్టి వీధంతా మన దీపాలే బాగా కనిపించాయి.

ఆ సత్యశ్రీ మాట ఎందుకు రాశావు? నాకు చాకిరీ అని నేనెప్పుడైనా అన్నానా? మోకాళ్ళు నావి, నొప్పి నాది. అయిదేళ్ళ పిల్లని తెచ్చి నా ఒళ్ళో వేసి ఓడెక్కావు. ఇప్పుడు అది జడ తానే వేసుకుంటోంది, నాకు కొట్లో కర్పూరం పొట్లాలు కడుతోంది. ఇప్పుడొచ్చి తోట ఉందంటే? పిల్లని తీసుకుపొమ్మని ఆమెకి రాశావా, రాయలేదా? సూటిగా చెప్పు. అది లేకపోతే ఈ గదిలో నేనేం చెయ్యాలో నాకు తెలీదు.

నీ కూతుర్ని నేను కాపాడుకోగలను. ఏం చేశానో విను. ఏడిళ్ళకీ స్వయంగా వెళ్ళి ఏం పెడతారు, ఎక్కడ కొన్నారు, చూపించండి అని అడిగాను. కొందరు నవ్వారు, టీ కొట్టు ఆవిడ ముఖం మాడ్చుకుంది. ఇలా కాదని టోకు కొట్లో సీలు వేసిన కొబ్బరి బిస్కట్ల పొట్లాల పెట్టె కొని, ఏడు బుట్టల్లో సర్ది, ఏడిళ్ళకీ నేనే ఇచ్చి వచ్చాను. ఎవరు తలుపు తీసినా నా మిఠాయే పెడతారు. నీ కూతురు ఏడు తలుపులు కొట్టి ఏడిళ్ళలోనూ మన ఇంటిదే తింటుంది.

ఒక్క అప్పలస్వామి దగ్గరే గొడవైంది. అమావాస్య అమావాస్యకి మన వీధి కొట్లకి దిష్టి గుమ్మడికాయ కొట్టేది అతనే కదా. సందు మలుపు తిరగ్గానే ఏడో ఇల్లు వాళ్ళది. అతని భార్య పిల్లలందరికీ నువ్వులుండలు చుట్టి పెట్టింది. నేను ఒకటి తీసి వాసన చూశాను. నువ్వులు ఎక్కడ కొన్నావమ్మా అన్నాను, అంతే. అప్పలస్వామి పీట మీంచి లేచాడు. "నలభై ఏళ్ళ బట్టి నీ గుమ్మం ముందు తిరుగుతున్నాను. మా ఇంటి ఉండలో ఇసం ఉంటాదేటప్పా?" అన్నాడు. బుట్ట మాత్రం తీసుకున్నాడు. ఆ తరవాత మాట లేదు.

అతను అన్నది తప్పు కాదు. కానీ నాకున్నది ఒక్క పిల్ల.

నల్ల గౌను కుట్టాను. నువ్వు చెప్పినట్టే ముసుగు కూడా కుట్టాను, కళ్ళ దగ్గర రెండు బెజ్జాలే. అంత అందమైన పిల్ల మీద పదిమంది కళ్ళు పడతాయి, బయల్దేరే ముందు దిష్టి తీయిస్తాను.

అప్ప


యాంగాన్, ఆసుపత్రి వరండా
2025 నవంబరు 2

గోపీ,

ఫోనులో చెప్పినది సగమే. జయ పక్కనే పడుకుని ఉంది, మిగతా సగం ఎలా చెప్పను?

ప్రాణానికి భయం లేదు. కుడికాలు మోకాలి కింద ఎముక విరిగింది, కట్టు వేశారు. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు.

ఆరిళ్ళు బాగానే తిరిగారు. అరుణశ్రీ ముందు, పిల్లలు మధ్యలో, నేను చివర. అప్పటికి ఆరున్నర. కరెంటు పోయింది, అరుణశ్రీ చేతిలో ఒక్క టార్చి. మలుపు దగ్గర, ఏడో ఇంటికి నాలుగడుగుల దూరంలో జయ పడింది. అప్పుడే ఒక టాక్సీ మలుపు తిరిగింది. బ్రేకు చప్పుడు విన్నాను. దగ్గరికి వెళ్ళేసరికి గౌను నిండా, చేతుల నిండా ఎరుపు. నెత్తురు, నెత్తురు అని జనం అరిచారు. ఇక్కడ డాక్టరు బట్టలు కోసి చూస్తే ఒంటి మీద గీత కూడా లేదన్నాడు.

గుద్దిందంటారు కొందరు, ముందే పడిందంటారు కొందరు. టాక్సీ డ్రైవరు ఊ టున్ మాత్రం పిల్లని తానే ఎత్తి బండిలో వేసుకుని తెచ్చాడు, రాత్రంతా ఈ బల్ల మీదే కూర్చున్నాడు. నల్ల గౌను, నల్ల ముసుగు, చీకటి, నాకేమీ కనపడలేదమ్మా అని బర్మాలో పదిసార్లు చెప్పాడు.

మిఠాయి ఏం తిందని ఫోనులో నాలుగుసార్లు అడిగావు. నా బిస్కట్లు రెండు తింది, అంతే. మిగతావి సంచిలోనే ఉన్నాయి.

ఆ ఎరుపు సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను. 

మణిమాల


బటర్‌వర్త్
2025 నవంబరు 6

అప్పకి,

నువ్వు రాసినదేదీ ఒకదానికొకటి అతకడం లేదు. నెత్తురు ఉందంటావు, గాయం లేదంటావు. బండి గుద్దిందంటావు, ముందే పడిందంటావు. తొమ్మిదేళ్ళ పిల్ల, రోజూ తిరిగే సందులో ఊరికే ఎందుకు పడుతుంది? కళ్ళు తిరిగాయేమో. ఆ అప్పలస్వామికి నీ మీద కోపం ఉందని నువ్వే రాశావు. నీ బుట్టలో ఏమైనా కలిపాడేమో చూశావా? ఆ బిస్కట్లు పారెయ్యకు, ఎవరికైనా చూపించు.

నేను అరుణశ్రీకి ఫోను చేసి నోటికొచ్చినట్టు అన్నాను. ఏడ్చింది. ఊ టున్ నంబరు తీసుకుని అతన్నీ అన్నాను. అతను, అమ్మాయి అన్నం తిందా అని అడిగాడు. అది విన్నాక నాకు ఇంకా కోపం వచ్చింది.

జయతో కూడా మాట్లాడాను. కుక్క అడ్డొచ్చింది నాన్నా అంది. కుక్క సంగతి నువ్వు రాయలేదు.

కోప్పడకు. సత్యశ్రీకి రమ్మని చెప్పేశాను. పద్దెనిమిదిన వస్తుంది, జయని చూసి, తనతో తీసుకెళ్ళాలో, నీ దగ్గరే ఉంచాలో తనే తేలుస్తానంది. నీ మీద నమ్మకం లేక కాదు. నాకు ఇక్కడ నిద్ర పట్టడం లేదు.

గోపి


యాంగాన్
2025 నవంబరు 11

తమ్ముడికి,

జయని ఇంటికి తెచ్చాం. కిటికీ పక్కన మంచం వేశాను. ఊ టున్ రెండంతస్తులూ ఎత్తుకుని ఎక్కించాడు. నువ్వు అతన్ని అన్న మాటలు అతను నాకు చెప్పలేదు, నీ ఉత్తరం చూశాకే తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అప్పలస్వామిని అనకు. పాపం చుట్టుకుంటుంది. అతని బుట్టలో పొట్లాల సీలు విప్పనే లేదు. అరుణశ్రీ తప్పూ లేదు, టాక్సీ తప్పూ లేదు. కుక్క లేదు. ఆ రోజు ఆ సందులో కుక్క అనేదే లేదు, జయ ఎందుకలా అంటోందో తెలీదు, మత్తు సూది వల్లనేమో. తప్పంతా నాది. కాగితం మీద కూడా ఇది రాయడానికి పది రోజులు పట్టింది.

ముప్పై ఒకటిన మధ్యాహ్నం దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ తెచ్చాను. మన ఇళ్ళలో ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదు, మగవాడి చెయ్యి పడాలి. నీకు తెలుసు, అమ్మ కూరకి కూడా ముందు నాన్న చేత పగలగొట్టించేది. ఇంట్లో మగవాడివి నువ్వు, అక్కడున్నావు. వీధిలో కొట్టేవాడు అప్పలస్వామి, అతనితో మాటల్లేవు. నువ్వులుండ వాసన చూసి, మళ్ళీ వెళ్ళి మా పిల్లకి దిష్టి తియ్యమని ఏ ముఖంతో అడగను? అహంకారం అడ్డొచ్చింది, నిజం చెప్పాలంటే అంతే.

నేనే చేశాను. తొడిమ దగ్గర బెజ్జం చేసి కుంకుమ నింపి, నీళ్ళు పోసి, పైన కర్పూరం వెలిగించి, జయ చుట్టూ మూడుసార్లు తిప్పాను. పిల్ల నవ్వుతూ నిలబడింది. పొద్దు వాలాక మలుపుకి వెళ్ళాను. ఏ మూలో కొడితే సరిగ్గా పోదేమోనని, నాలుగు వైపులా దారి ఉన్న చోట, సరిగ్గా మధ్యలో నిలబడి రెండు చేతులా ఎత్తి కొట్టాను. ముక్కలు అన్ని వైపులా పోయాయి. వెనక్కి చూడకూడదు కాబట్టి చూడకుండా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను. గంట తిరగకుండా అదే చోట నీ కూతురు పడింది.

ఆడది చెయ్యకూడని పని చేశాను. అందుకే దిష్టి పోకుండా పిల్లకే తగిలింది. జనం చూసిన ఎరుపు ఆ కుంకుమే. ఆసుపత్రిలో కోసి తిరిగిచ్చిన ఆ నల్ల గౌను ఇంటికి తెచ్చి ఉతికితే, అంచులకి గింజలు అంటుకుని ఉన్నాయి. దాని చెప్పు అడుగున కూడా గుజ్జు ఎండిపోయి ఉంది. ఎంత ఉతికినా ఆ ఎరుపు పోలేదు, దేవుడు చూపించాడు.

అప్పలస్వామి ఆసుపత్రికి వచ్చాడు. భార్య చేత నువ్వులుండలు పంపకుండా ఈసారి పళ్ళు తెచ్చాడు, అది నాకు ఇంకా బాధయింది. నేనే కొట్టానని అతనికి చెప్పాను. కోప్పడలేదు. "ఏ దగ్గర కొట్టేవప్పా?" అని ఒక్కటే అడిగాడు. మలుపు మధ్యలో అన్నాను. తల పట్టుకుని చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. అంత తెలిసినవాడు తల పట్టుకున్నాడంటే తప్పు ఎంత పెద్దదో చూడు.

సత్యశ్రీని రానీ. నా చేతిలో పిల్లని ఉంచమని అడిగే ముఖం నాకు లేదు.

మణిమాల


బటర్‌వర్త్
2025 నవంబరు 15

అప్పా,

ఇది జాగ్రత్తగా చదువు. రెండుసార్లు చదువు.

ఆడది కొట్టినందుకు కాదు. దేవుడూ కాదు, దిష్టీ కాదు. నడిరోడ్డు మీద గుమ్మడికాయ గుజ్జు ఉంది, కరెంటు లేదు, పిల్ల ముఖానికి ముసుగు ఉంది. కాలు జారింది. నువ్వే రాశావు, చెప్పు అడుగున గుజ్జు, గౌను అంచుకి గింజలు అని. అన్నీ రాసి, ఉన్నది చూడకుండా లేనిది చూశావు. అప్పలస్వామి ఎక్కడ కొట్టావని ఎందుకు అడిగాడనుకున్నావు?

మొదట ఇది తెలిశాక నీ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఉత్తరం చింపేద్దామనుకున్నాను. తరవాత నేను రాసినవి తలుచుకున్నాను. ముసుగు వెయ్యమన్నది నేను. బ్లేడు, జెల్లీ అని నిన్ను భయపెట్టి ఏడిళ్ళ చుట్టూ తిప్పింది నేను. చాక్లెట్లు వెతికాం కానీ, చీకట్లో నల్ల గౌనుతో పిల్ల రోడ్డు మీద నడుస్తుందని ఇద్దరికీ తట్టలేదు.

నిన్న జయకి మళ్ళీ ఫోను చేశాను. నువ్వు కొట్లో ఉన్నావు. కుక్క ఏ రంగుదని అడిగాను.  "నాన్నా, గుమ్మిడికాయని సెప్తే నన్ను పిన్ని కాడికి అంపేస్తావు కదా" అంది. నేను షెడ్డులో పని మీద ఉన్నట్టు ఏదో చెప్పి ఫోను పెట్టేశాను.

దానికి మొదటి నుంచీ తెలుసు అప్పా. పడ్డ క్షణం నుంచీ తెలుసు.

ఇప్పుడు సత్యశ్రీని రావద్దనలేను, రావడానికి టిక్కెట్టు తీసుకుంది. ఆమెకి తెలిసింది టాక్సీ గుద్దిందని మాత్రమే. గుమ్మడికాయ సంగతి నేను చెప్పను. చెప్పాలో వద్దో నీ ఇష్టం. పిల్ల విషయంలో ఆమె ఏమన్నా, నువ్వేమన్నా నేను కాదనను. నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఊ టున్‌కి ఫోను చేసి క్షమించమన్నాను. అరుణశ్రీ ఫోను ఎత్తడం లేదు, నువ్వు వెళ్ళి చెప్పు.

నీ తమ్ముడు
గోపి


యాంగాన్
2025 నవంబరు 22

గోపీకి,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు, మగవాడివి కాబట్టి నీకు ఇవన్నీ తెలియవనుకున్నాను. రెండోసారి చదివి మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మరక ఇంకా ఉంది. అప్పలస్వామి ఇంటి గుమ్మం అక్కడి నుంచి నాలుగడుగులే. లోపలికి వెళ్ళి నేనే అడిగాను. చెప్పనా వద్దా అన్నట్టు చూసి చెప్పాడు. "పిల్లలు తిరిగే పూట మజ్జిలో కొడతారేటప్పా? నానెప్పుడూ కాలవ గట్టునే కొడతాను, కర్రతో లోపలికి తోసేస్తాను." నలభై ఏళ్ళు అతను కొట్టడం చూశాను. ఎక్కడ కొడుతున్నాడో ఒక్కసారీ చూడలేదు.

దేవుడి శిక్ష అనుకున్నన్నాళ్ళూ ఏడ్చి ఊరుకున్నాను. ఇప్పుడు ఏడుపు రావడం లేదు. అరుణశ్రీ ఇంటికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను.

సత్యశ్రీ పద్దెనిమిదిన వచ్చింది. నువ్వు చెప్పనన్నావు. నేను చెప్పకపోతే ఆమెకి ఎప్పటికీ తెలియదు. రెండు రోజులు నోరు మెదపలేదు, అదీ నిజమే. జయకి అన్నం పెడుతుంటే, ఒళ్ళు తుడుస్తుంటే ఆమె చూస్తూ కూర్చునేది. మంచి మనిషి, రామలక్ష్మి ముక్కే. పిల్ల ఆమెకి కుక్క కథ మళ్ళీ చెప్పింది, ఈసారి కుక్కకి తెల్ల మచ్చ కూడా పెట్టింది. అది విని నేను వంటగట్టు దగ్గర నుంచి ఇవతలికి వచ్చాను. నన్ను ఉంచుకోవడానికి నా పిల్ల అబద్ధాలు నేర్చుకుంటోంది. జయ వింటుండగానే మొత్తం చెప్పాను. ముసుగు, గుమ్మడికాయ, నడిరోడ్డు, అన్నీ. సత్యశ్రీ లేచి కిందికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది.

మొన్న గురువారం అమావాస్య. తొమ్మిది కొట్లకి గుమ్మడికాయలు. ఎప్పటిలాగే అప్పలస్వామి గట్టున కొట్టబోతే, కొత్తగా వచ్చిన నగల కొట్టాయన ఒప్పుకోలేదు. బండి చక్రాలు తొక్కితేనే దిష్టి పోతుంది, నడిరోడ్డు మీదే కొట్టమన్నాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు. అప్పలస్వామి పనివాడు, ఏమంటాడు? కొట్టాడు.

నేను చీపురూ బకెట్టూ తీసుకుని వెళ్ళాను. నగల కొట్టాయన అడ్డొచ్చాడు. అయిదు కొట్ల దిష్టి అంతా చేత్తో ముట్టుకుంటే ఆ పీడంతా నీకే చుట్టుకుంటుందన్నాడు. నాకు భయం వేసింది గోపీ, వేయలేదని అబద్ధం చెప్పను. చిన్నప్పటి నుంచీ ఎండిన ముక్క కనపడినా చుట్టూ తిరిగి వెళ్ళిన దాన్ని. చీపురుకి గింజలు రాకపోతే కింద కూర్చుని చేత్తో ఏరాను. "నాకే తగలనీ" అన్నాను. అయిదు చోట్లా కడిగాను. ఎవరూ దగ్గరికి రాలేదు. టార్చి వెలుగు ఒకటి పైనుంచి నా చుట్టూ తిరుగుతోంది, చూస్తే కిటికీలో జయ. దాని వెనక సత్యశ్రీ.

నేను పైకి వచ్చి చేతులు కడుక్కున్నా పిల్లని ముట్టుకోవడానికి జంకాను. జయే చెయ్యి చాచి నా వేళ్ళు లాక్కుంది. అమ్మ వస్తుందా అని ఆ రోజు అడిగినదానికి జవాబు చెప్పాను. రాదమ్మా, రాదు అన్నాను. నాకు తెలుసులే అత్తా అంది.

పిల్లని తీసుకెళ్తుందో లేదో సత్యశ్రీ ఇప్పటికీ నాతో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇందాక బస్సు కౌంటరుకి వెళ్ళి వచ్చింది. పర్సు జయ మంచం మీద పెట్టి స్నానానికి వెళ్తే, చూడకూడదని తెలిసి కూడా చూశాను. రేపటి మోల్‌మైన్ బస్సుకి ఒక్క టిక్కెట్టే తీసుకుంది.

మీ అప్ప
మణిమాల